మామగారి కాలి కింద బ్రేకు

పంచదార డబ్బాకు మూత ఎవరు పెట్టలేదన్న తగువుతో ఆ ఆదివారం తెల్లవారింది. పెట్టనిది భర్తే. డబ్బాలో చీమలు బయటపడేసరికి గొంతు పెంచింది కూడా ఆయనే.

"డబ్బాకు మూత పెట్టడం రాదు గానీ, రేపు కారు నడుపుతుందట! అసలే ఆ కారు బాగోలేదు."

కోడలికి మనసు చివుక్కుమంది. మర్నాడు ఉద్యోగంలో ఆమెకు మొదటి రోజు. కారు తనే నడుపుకుంటూ వెళ్ళాలని లైసెన్సు వచ్చినప్పటినుంచీ ఉవ్విళ్ళూరుతోంది.

"కారుకేమైందండీ?"

"ఇంజను ఆపి పదిసార్లు తొక్కి చూశా. బ్రేకు పెడలు రాయిలా ఉంది. బూస్టరు పోయుంటుంది. అది పోయాక బ్రేకు తొక్కాలంటే ఏనుగు కావాలి."

"అయితే ఇప్పుడే తేల్చండి."

మెకానిక్ ఫోనులోనే ఉపాయం చెప్పాడు. "ఇంజను ఆపి నాలుగైదుసార్లు తొక్కండి. గట్టిపడ్డాక కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. పెడలు కొంచెం కిందికి దిగిందా, బూస్టరు బాగున్నట్టే."

భర్త తన తండ్రిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, బానెట్ ఎత్తాడు. "నాన్నా, పెడలు తొక్కిపట్టు. నేను చెప్పేదాకా కాలు తీయకు."

మామగారు రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి. ఒకసారి ఆజ్ఞ అందిందంటే, రద్దు చేస్తే తప్ప అది ఆయన దగ్గర చెల్లుతూనే ఉంటుంది.

షెడ్డులో చీకటిగా ఉంది. ముందు కారును వెలుగులోకి తోద్దామని భర్తకు తోచింది. హ్యాండ్‌బ్రేకు దించి, వెనక్కి వెళ్ళి తోశాడు. కదల్లేదు. ఎదురింటి టైలరును కేకేశాడు. టైలరు తన తమ్ముళ్ళిద్దరినీ వెంటబెట్టుకొచ్చాడు. నలుగురి చొక్కాలూ తడిశాయి తప్ప కారు అంగుళం జరగలేదు.

"బ్రేకులు పట్టేశాయండీ!" అని టైలరు తీర్పు చెప్పాడు.

మళ్ళీ ఫోను. "పట్టేస్తే ఇంక ముట్టుకోకండి. రేపు బండి పంపి ఎత్తుకొస్తా. వారం పట్టొచ్చు," అన్నాడు మెకానిక్. భర్త వింటేనా! ఇంకొక్కసారంటూ ముగ్గురినీ కలుపుకుని మళ్ళీ తోయడం మొదలుపెట్టాడు.

కోడలికి ఏడుపొక్కటే తక్కువ. అయినా, ఉక్కలో ఇంతసేపు కూర్చున్నారు కదా అని మామగారికి మంచినీళ్ళు తీసుకెళ్ళింది. కిటికీలోంచి చూస్తే ఆయన పళ్ళు బిగించి, పెడలు మీద నిలబడినంత పని చేస్తున్నారు.

"మామయ్యగారూ! కాలు తీయలేదా?"

"వాడు చెప్పందే!"

"వెనక నలుగురు తోస్తున్నారు కదండీ!"

"అందుకే అమ్మాయ్, ఇంకా గట్టిగా తొక్కుతున్నా. ఎక్కడ కదిలిపోతుందోనని!"

"తీసేయండి మామయ్యగారూ!"

ఆయన తీశారు. నలుగురూ బోర్లా పడ్డారు. కారు పూలకుండీల మీదికి పరుగు తీసింది. "తొక్కండి, తొక్కండి!" అని కోడలు అరిచింది. కుండీకి జానెడు దూరంలో కారు ఆగింది.

మామగారిని దింపి ఆమె ఎక్కింది. పెడలు గట్టిపడేదాకా తొక్కి, కాలు అలాగే ఉంచి తాళం తిప్పింది. పాదం కింద పెడలు మెత్తగా దిగింది.

"బూస్టరు దివ్యంగా ఉంది. ఇంజను ఆపి అన్నిసార్లు తొక్కితే ఏ పెడలైనా రాయేనండీ."

భర్త బానెట్ దించాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారు గొంతు సవరించుకున్నారు. "రేపు కారు అమ్మాయే నడుపుతుంది. ఇక ఎవరూ అడ్డు చెప్పడానికి వీల్లేదు."

కోడలి ముఖం వెలిగింది.

"తోడుగా పక్క సీట్లో నేను కూర్చుంటా."

పక్క సీటు ముందు పెడళ్ళు పెట్టనందుకు, ఆ కారు చేసినవాళ్ళకు కోడలు మనసులోనే దండం పెట్టుకుంది.