ఎనిమిది వేసిన అడవి

ఒక పెద్ద అడవిలో మేతకీ మడుగుకీ మధ్యగా రోడ్డు పడింది. దానిమీద తిరిగే ప్రతివాడి దగ్గరా లైసెన్సుంది. అయినా లేడి తన కూనని నీళ్ళకి తీసుకెళ్ళలేకపోతోంది. తెల్లచారల దగ్గర నిలబడితే బండ్లు ఆగవు సరికదా, హారన్ కొట్టి దాన్నే ఆపుతాయి. మొన్నొక బండి కూన తోకని రాసుకుంటూ పోయింది.

లేడి సరాసరి సింహం సభకెళ్ళింది. "మహారాజా, బిడ్డ దాహంతో అల్లాడుతోంది. వీళ్ళకి లైసెన్సులెలా ఇచ్చారు?"

లైసెన్సుల ఆఫీసరు నక్క నొచ్చుకుంది. "ఒక్కొక్కడి చేతా మైదానంలో బండితో ఎనిమిది అంకె వేయించానమ్మా! కాలు కింద పెట్టనివాడికే ఇచ్చాను."

"మన అడవిలో ఎనిమిదిలా ఉన్న రోడ్డు ఏదండీ?" అంది లేడి.

సభ గొల్లుమంది. సింహం అడవిపందిని ముందుకు పిలిచింది.

"పసుపు లైటు పడితే ఏం చేస్తావ్?" లేడి అడిగింది.

"ఇంకా స్పీడు పెంచుతాను. ఎర్రలైటు వచ్చేస్తుందిగా!"

"అంబులెన్సు వస్తే?"

"దాని వెనకే పట్టుకుని పోతాను. అంత ఖాళీ దారి మళ్ళీ దొరకదు లేడక్కా."

"మరి ఆ తెల్లచారలు?"

"రోడ్డుకి ముగ్గులు కదూ అవి?"

నక్క వెంటనే అందుకుంది. "అందరి లైసెన్సులూ రద్దు చేయండి ప్రభూ. మళ్ళీ నా దగ్గరికే రావాలి. ఈసారి రూల్సు కూడా అడుగుతాను." అడవంతా తన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాలని దాని ఆశ.

సింహం సరేనని అన్నీ రద్దు చేసింది. రూల్సు అడుగుతారనగానే ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు. లైసెన్సు లేకుండానే బండ్లు తీశారు. లేదు కాబట్టి, దొరికితే చచ్చామని బుద్ధిగా నడిపారు. పసుపు లైటుకే ఆగారు. పంది అయితే చారలకి బారెడు దూరంలోనే బ్రేకు వేసి, "రా అక్కా, చిన్నదాన్ని తీసుకుని నెమ్మదిగా దాటు" అంది. కూన కడుపునిండా నీళ్ళు తాగింది.

ఆఫీసులో ఈగలు తోలుకుంటున్న నక్క రాజు దగ్గరికి పరిగెత్తింది. "ప్రభూ, ఒక్కడికీ లైసెన్సు లేదు! బయట అడవులవాళ్ళు వింటే నవ్విపోరూ?"

సింహానికి పరువు గుర్తొచ్చింది. అందరినీ మైదానానికి పిలిపించి, రూల్సు గొడవ లేకుండా మళ్ళీ ఎనిమిదే వేయించి, దండలేసి లైసెన్సులు పంచింది.

తిరిగొస్తూ సింహం చారల మీద రోడ్డు దాటబోయింది. పక్కన లేడీ, కూనా. పంది బండి దూసుకొచ్చింది. లేడికి అలవాటే కాబట్టి కూనని వెనక్కి నెట్టి తనూ దూకింది. సింహానికి అలవాటు లేదు. వెళ్ళి బురదగుంటలో పడింది.

"ఒరేయ్, నేను రాజునిరా!"

"అయితే ఏంటట?" వెనక్కి చూడకుండానే అరిచింది పంది. "నాకు లైసెన్సుంది!"

నీతి: రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూసుకోవాలి, వచ్చేవాడికి లైసెన్సుందని తెలిస్తే మాత్రం, ఆ పూటకి దాహం ఆపుకోవాలి.