ఎర్రటోపీ లేనివాణ్ణి నమ్మొద్దు

ఆ పొద్దున రన్ దేకాయ్ వేసుకున్న పథకంలో పెద్ద చిక్కేమీ లేదు. హాలండ్ ఆవిడ సస్కియా వాళ్ళ ఇంట్లోని ఖాళీ గదిలో అతిథిగా దిగడానికి టాక్సీలో వస్తుంది. ఆయన ఎర్రటోపీ పెట్టుకుని గేటు దగ్గర ఎదురుచూసి, ఆవిణ్ణి లిఫ్టులో పదిహేనో అంతస్తుకు తీసుకొస్తాడు. భార్య మౌ యున్‌బీ ఊరవేసిన ఆవకూరతో చేపల పులుసు వడ్డిస్తుంది. భోజనాల వేళకు వీధి కమిటీ పెద్ద పాంగ్ గారు వచ్చి, అతిథి మొహంలో సంతోషం చూసి, ‘విదేశీ అతిథులకు అనువైన ఇల్లు’ అన్న బోర్డు గుమ్మానికి తగిలించి వెళతారు. అంతే.

బిల్డింగుకు ఒక్కటే బోర్డు. తొమ్మిదో అంతస్తు వాళ్ళు కూడా దాని మీద కన్నేశారు. రన్‌కు మాత్రం అది పరువు సంగతి కాదు, ప్రాణ సంకటం. బోర్డు రాకపోతే ఆ ఖాళీ గదిలోకి బావమరిది మౌ చెంగ్‌షాన్ దిగిపోతాడు. మనిషి మంచివాడే. కానీ పెళ్ళిళ్ళకూ చావులకూ సన్నాయి ఊదే వృత్తి, తెల్లారకముందే సాధన. చైనాలో కొండల మీద కట్టిన ఊరు మా చోంగ్‌చింగ్; ఇక్కడి సన్నాయి ఈ కొండ మీద ఊదితే ఆ కొండ మీద నిద్రపోతున్నవాడు లేచి కూర్చుంటాడు.

“మధ్యాహ్నానికి బోర్డు వచ్చిందా, గది నీ ఇష్టం. రాలేదా, సాయంత్రానికి మా తమ్ముడు మూటాముల్లెతో వచ్చేస్తాడు. ఇంక నన్నేం అనకు” అని యున్‌బీ చేప పొలుసు గీకుతూ తేల్చి చెప్పింది.

“నాకా చెబుతున్నావు? ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో బస్సు తోలినవాణ్ణి. ఒక్క అతిథిని గేటు నుంచి గుమ్మం దాకా తేలేనా?”

“బస్సుకి బ్రేకులుండేవి. నీ నోటికి లేవు.”

ఆవిడ అన్నదీ నిజమే. వారం రోజులుగా రన్ ఆ హాలండ్ ఆవిడకు ఫోన్లో సలహాలు మాట్లాడి పంపుతూనే ఉన్నాడు. ఫోనే వాటిని ఆవిడ భాషలోకి మార్చి వినిపించేది. వేడినీళ్ళే తాగండి. దారి తప్పితే ఉన్నచోటే ఉండండి, అడుగు కదలొద్దు. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే రెండుసార్లు వద్దనండి, మూడోసారి తీసుకోండి, మా మర్యాద అది. “గది, గది” అంటూ లాడ్జీల తరఫు ఆడవాళ్ళు వచ్చి సంచీ లాక్కుంటారు, వాళ్ళ వెంట చస్తే పోవద్దు. అన్నిటికన్నా ఆయన ముచ్చటపడి చెప్పింది చివరిది: “నాకు ఎర్రటోపీ ఉంటుంది. టోపీ లేకుండా ఎవడైనా వచ్చి నేనే రన్‌ని అంటే అస్సలు నమ్మొద్దు!”

ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. వాళ్ళ బిల్డింగు కొండకు వీపు ఆనించి ఉంటుంది. కింద నది రోడ్డు వైపు ఒక గేటు, పైన కొండ రోడ్డు వైపు ఒక గేటు. పైగేటు ఉండేది ఇరవై రెండో అంతస్తులో. కింద రోడ్డు మీద దిగినవాడికి అది నేల, పైరోడ్డు మీద దిగినవాడికి ఇది నేల. ఇక్కడ పుట్టినవాడికి ఇందులో వింతేముంది? “నేల మీద గేటు దగ్గరకు వచ్చెయ్యండి” అని హాయిగా చెప్పేశాడు.

కింది గేటు దగ్గర ఎర్రటోపీతో నిలబడ్డ రన్ ఫోను మోగింది. సస్కియా. “వచ్చేశాను. గేటు ముందే ఉన్నాను. ఎదురుగా నూడుల్స్ కొట్టు.”

రన్ అటూ ఇటూ చూశాడు. ఆయన ముందూ నూడుల్స్ కొట్టే ఉంది. మా ఊళ్ళో నూడుల్స్ కొట్టు లేని గేటేది? కొట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. అప్పటికి గానీ ఆయన బుర్రలో బల్బు వెలగలేదు.

“ఓరి నాయనో! పైగేటులో దిగింది!”

ఆయన భార్యకు ఫోన్ చేశాడు. “నువ్వు దగ్గర్లో ఉన్నావు, పైకెళ్ళి పట్టుకో. నేనూ వచ్చేస్తున్నా.” అంతలో ఇంకో అనుమానం పట్టుకుంది. సస్కియా ఈలోగా కిందికి దిగి వస్తేనో? వెంటనే టోపీ తీసి నూడుల్స్ కొట్టు నడిపే హువో నెత్తిన పెట్టాడు. ఫోను కూడా ఆవిడ చేతిలో పెట్టాడు.

“హువో అక్కా, పొడుగాటి విదేశీ ఆవిడ వస్తే ఈ టోపీ చూపించి కూర్చోబెట్టు. ఫోన్ వస్తే జవాబు చెప్పు.”

“జనం ఆకలితో నిలబడ్డారయ్యా! నీ టోపీ పెట్టుకుంటే నా నూడుల్స్ ఎవడు ఉడకబెడతాడు?”

“టోపీ అడ్డం రాదులే అక్కా!” అంటూనే లిఫ్టులో దూరిపోయాడు. మధ్యాహ్నం వేళ. అన్నం డబ్బాలు మోసేవాళ్ళందరూ అందులోనే ఉన్నారు. అంతస్తు అంతస్తుకీ ఆగుతుంటే రన్ కాలు నేల మీద నిలవలేదు.

పైన యున్‌బీ పులుసు పొయ్యి మీదే వదిలేసి, ఫోను వంటింట్లో మరిచి, ఏప్రాన్‌తోనే వెళ్ళింది. గేటు ముందు సస్కియా కొండంత సంచీ పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. యున్‌బీ ప్రాణం లేచి వచ్చింది. ఎదురెళ్ళి, “గది! గది! రా తల్లీ!” అంటూ సంచీ అందుకుంది. అతిథి చేతిలో సంచీ ఉండగా చూస్తూ ఊరుకునే ఇల్లాలు మా ఊళ్ళో ఉండదు.

సస్కియా వద్దంది. మర్యాదస్తురాలు, అనుకుంది యున్‌బీ. మళ్ళీ లాగింది. సస్కియా మళ్ళీ వద్దంది. ఎంత చక్కగా నేర్చుకుందో! ఇక మూడోసారి అసలు పిలుపు కదా అని యున్‌బీ రెండు చేతులతో బలంగా లాగింది.

పాపం సస్కియాకు ఏం చెయ్యాలో తోచలేదు. మూడోసారి ఒప్పుకోమన్నాడు. గది గది అనే ఆడవాళ్ళ వెంట పోవద్దనీ అన్నాడు. కదలొద్దనీ అన్నాడు. అన్నిటికీ కలిపి ఆవిడ ఒకటే దారి చూసుకుంది: సంచీ మీదే కూర్చుంది. యున్‌బీ సంచీతో పాటు ఆవిణ్ణీ లాగింది.

పైరోడ్డు మీద నాట్యం చేసే ఆడవాళ్ళు పాట ఆపేసి చుట్టూ మూగారు.

“మౌ అక్కా, పూర్వజన్మ బాకీ ఏమైనా ఉందా ఏంటి?”

“అతిథమ్మా! మా ఇంటికొచ్చిన అతిథి!”

“అతిథినా ఇలా ఈడుస్తున్నావు? ఇంక శత్రువునైతే ఏం చేస్తావే తల్లీ!”

ఆ సమయంలో రన్ ఆయాసపడుతూ గుంపును తోసుకుని వచ్చాడు. “నేనే! నేనే రన్‌ని!” అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు.

సస్కియా ఆయన బట్టతల వైపు చూసింది. ఫోను పైకెత్తి ఒక బటన్ నొక్కింది. రన్ గొంతే, దర్జాగా, పదిమందికీ వినబడింది: “టోపీ లేకుండా ఎవడైనా వచ్చి నేనే రన్‌ని అంటే అస్సలు నమ్మొద్దు!”

ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. “నీ మాట నువ్వే కాదంటావా రన్ అన్నా?” అంది ఒకావిడ. యున్‌బీ మొగుణ్ణి చూసిన చూపుకు పులుసు అక్కడికక్కడే మరిగేది.

“టోపీ ఏదయ్యా?”

“హువో అక్క నెత్తిన.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పో, తీసుకురా!”

రన్ మళ్ళీ లిఫ్టు ఎక్కాడు. కిందికి పోతున్నంతసేపూ చెవుల్లో సన్నాయి మోగుతూనే ఉంది. పాంగ్ గారు ఏ క్షణాన వస్తారో! కమిటీ ఆఫీసు ఉన్నదీ ఆ పైరోడ్డు మీదేనాయె!

కింద హువో నెత్తిన టోపీ లేదు.

“ఏమైంది అక్కా?”

“సాయంత్రం దాకా ఆగలేక మీ బావమరిది అప్పుడే వచ్చేశాడు, మూట భుజాన వేసుకుని. మీ ఇంటి సంబడం మీ వాళ్ళే చూసుకోండని వాడి నెత్తిన పెట్టేశాను. ఫోనూ వాడికే ఇచ్చాను. అది మోగింది. ‘ఇద్దరు నన్ను లాగుతున్నారు, త్వరగా రండి’ అని ఎవరో మొత్తుకున్నారు. నువ్వు పైగేటుకు పోయావని చెప్పగానే వాడు అదాటున పక్క లిఫ్టెక్కి పైకి పరిగెత్తాడు.”

రన్ మళ్ళీ లిఫ్టు వైపు పరిగెత్తాడు. ఆయన దిగిన లిఫ్టూ చెంగ్‌షాన్ ఎక్కిన లిఫ్టూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటేశాయి.

రన్ తిరిగి పైకి చేరేసరికి లాగులాట లేదు. నెత్తిన ఎర్రటోపీతో చెంగ్‌షాన్ గుంపు మధ్య నిలబడి బుగ్గలుబ్బించి సన్నాయి ఊదుతున్నాడు. సస్కియా ఆనందంతో కళ్ళనీళ్ళు పెట్టుకుని చప్పట్లు కొడుతోంది. ఆవిడ సంచీ చెంగ్‌షాన్ కాళ్ళ దగ్గర ఉంది. టోపీ కనబడగానే ఆవిడే స్వయంగా ఇచ్చేసిందట. పక్కనే బోర్డు చంకలో పెట్టుకుని పాంగ్ గారు తల ఊపుతున్నారు.

“భలే రన్!” అన్నారు పాంగ్ గారు. “సన్నాయితో స్వాగతమా! తొమ్మిదో అంతస్తు వాళ్ళకు ఈ ఆలోచన జన్మలో రాదు. ఆ టోపీ పెట్టుకున్నాయనే నా ఆతిథేయుడని ఈవిడ గట్టిగా చెబుతోంది. ఈయన మీ ఇంట్లోనే ఉంటాడుగా?”

రన్ నోరు తెరిచాడు. ఉండడు అంటే బోర్డు తొమ్మిదో అంతస్తుకు పోతుంది. బోర్డు పోతే గదిలోకి చెంగ్‌షాన్ వస్తాడు. ఉంటాడు అంటేనూ వాడే వస్తాడు. నోరు మూసుకున్నాడు.

“ఉండకేం! మా తమ్ముడే కదా” అంది యున్‌బీ.

“ఇవాళే దిగాను పాంగ్ గారూ” అన్నాడు చెంగ్‌షాన్ మూట చూపిస్తూ. “ఏం బావా?”

సస్కియా ఫోన్లో ఏదో మాట్లాడింది. ఫోను చదివి వినిపించింది: “ఈ వాద్యం రోజూ పొద్దున్నే వినిపిస్తారా? అలాగైతే నెల్లాళ్ళు ఉంటాను.”

“తప్పకుండా!” అన్నారు పాంగ్ గారు, అందరి తరఫునా.

పులుసు మాడి ముద్దయినా పాంగ్ గారు లొట్టలేసుకుంటూ తిన్నారు. సస్కియా రెండుసార్లు వద్దని మూడోసారి తింది. బోర్డు గుమ్మానికి ఎక్కింది. సస్కియాకు గది ఇచ్చారు. గది లేని చెంగ్‌షాన్‌కు హాల్లో పక్క వేశారు, సరిగ్గా రన్ తలగడ ఉండే గోడకు అవతల.

ఇప్పటికీ రన్ విదేశీయులకు సలహాలు పంపడం మానలేదు. కాకపోతే అన్నిటికన్నా ముందు చెప్పేది ఇది: “వచ్చేటప్పుడు చెవుల్లోకి దూది తెచ్చుకోండి, నాకూ కాస్త.”