మైనరు మణికట్టు

ఆ రోజు పొద్దున భీమయ్య పటేలు వేసుకున్న ఏర్పాటు చాలా సులువైనది. బండి కట్టించుకుని గద్వాల పోవడం, అక్కడి డాక్టరు చేత ఒక చేతికి ఎక్స్‌రే తీయించడం, చీకటి పడేలోగా ఇల్లు చేరడం. ఎక్స్‌రే తీయించవలసిన చెయ్యి అన్న కొడుకు కురుమూర్తిది. బండిలో ఎక్కి కూర్చున్న చెయ్యి మాత్రం ఇంకొకరిది.

బీచుపల్లి దగ్గరి ఆ ఊళ్లో పటేలుగిరి నిజానికి భీమయ్యది కాదు, చనిపోయిన అన్నది. కురుమూర్తికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా చిన్నాయన ఆ పని చూడాలని సర్కారు చెప్పింది. చూడగా చూడగా భీమయ్యకు దాని మీద మమకారం పుట్టింది. చావడిలో నడిమి అరుగు, ఎదురుపడితే పక్కకు తొలగే జనం, జాతరలో మొదటి కొబ్బరిచిప్ప, ఇవి లేకుండా మనుషులు ఎలా బతుకుతారో అతనికి అర్థమయ్యేది కాదు. ఇంతలో కురుమూర్తి ఏపుగా పెరిగి, మీసం మొలిచి, చావడి గుమ్మానికి తల కొట్టుకునేంతవాడయ్యాడు. వాడి తల్లి నాగేంద్రమ్మ, కొడుక్కి ఈడొచ్చింది, పటేలుగిరి ఇప్పించమని తహసీలు కచేరీలో అర్జీ పెట్టింది.

కురుమూర్తి చెరువు తెగిన ఏడు పుట్టాడన్నది అందరూ ఒప్పుకున్న సంగతి. చిక్కల్లా ఆ చెరువు రెండుసార్లు తెగడంలో ఉంది. మొదటిసారి తెగినప్పుడని తల్లి, రెండోసారి తెగినప్పుడని చిన్నాయన వాదించారు. మరిదికి వరస, వయసు, చెరువు ఏదీ తెలియదని నాగేంద్రమ్మ అంటే, వదినె లెక్కలు ఆమె పెట్టే పచ్చి పులుసులాగే పలచన అని భీమయ్య అన్నాడు. తహసీల్దారు ఇద్దరితోనూ వేగలేకపోయాడు. యుద్ధంలో పనిచేసి వచ్చిన డాక్టరు మహమూద్ గద్వాలలో ఎక్స్‌రే యంత్రం పెట్టాడు, చేతి ఎముకలు చూసి వయసు చెబుతున్నాడు, అతను రాసిందే ఖాయం అని తాకీదు పంపాడు. ఊరి పటేలు ఆ పిల్లవాణ్ణి స్వయంగా తీసుకుపోయి, కురుమూర్తి ఇతనేనని సంతకం చేయాలి. ఊరి పటేలు భీమయ్యే కనుక తాకీదు అతని చేతికే వచ్చింది, అక్కణ్ణించి జేబులోకి పోయి మరెవరి కంటా పడలేదు.

రెండోసారి తెగినప్పుడు పుట్టాడని తాను చెప్పే మాటను భీమయ్య ఎన్నడూ నమ్మలేదు. ఆ మీసం చూస్తే డాక్టరు యంత్రం జోలికి పోకుండానే పాతికేళ్లని రాసిపారేస్తాడని అతని భయం. అందుకే హన్మంతును పట్టుకొచ్చాడు.

హన్మంతు ఊరి బాగోతంలో ప్రహ్లాదుడు. పొట్టి మనిషి, నున్నటి ముఖం, సన్నటి గొంతు. బిడ్డకు పెండ్లి చేసి ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకున్నా అతన్ని ప్రహ్లాదుడి వేషం వదల్లేదు. ఒక్కసారైనా హిరణ్యకశిపుడై గద పట్టాలని అతని ఆశ. బాగోతం ఆడించేది భీమయ్యే కనుక బేరం తొందరగా కుదిరింది.

"పటేలా, ఈసారి గద నాకే గదా?"

"నువ్వు నోరు మూసుకొని చెయ్యి సాపు. గద నీదే."

దారిలో అన్నీ మంచి శకునాలే కనిపించాయి. బీచుపల్లి గుడి దగ్గర బండి ఆపితే ఒక ముసలమ్మ హన్మంతు బుగ్గ గిల్లి అరటిపండు చేతిలో పెట్టింది. అతను చాటుకు పోయి బీడీ ముట్టిస్తే దారిన పోయే పెద్దమనిషి లాక్కుని పారేసి, ఇంట్లో చెబుతానని బెదిరించాడు. భీమయ్య అంత సంతోషంగా నవ్వి చాలా కాలమైంది.

గద్వాలలో డాక్టరు మహమూద్ కూడా పిల్లవాడి తల నిమిరి, భయపడవద్దని చెప్పి, చెయ్యి బల్ల మీద పెట్టించాడు. భీమయ్య కాగితం మీద గుర్తింపు సంతకం వంకర లేకుండా పెట్టాడు. లోపల ఇంజను దడదడలాడింది. కాసేపటికి డాక్టరు తడి ఆరని ఫోటో పట్టుకుని బయటికి వచ్చాడు. దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, హన్మంతు ముఖం చూసి, మళ్లీ ఫోటో చూశాడు.

"పిల్లలకు బొక్క కొసన నల్ల గీత ఉంటది, పెద్దగైతే అతుక్కపోతది. ఇతనికి గీతే లేదు. పద్దెనిమిది ఎప్పుడో దాటినయి," అన్నాడు.

"జర ముఖం చూడుండ్రి డాక్టర్ సాబ్. మీసం గూడ మొల్వలే."

"నేను ఫోటో తీసింది ముఖాన్ని కాదు."

ఇతను కురుమూర్తి కాదని ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ కురుమూర్తి ఇతనేనని రాసిచ్చింది తానే, సిరా ఇంకా ఆరలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బండెక్కాడు. కాగితం అతనికంటే ముందే కచేరీ చేరింది.

నెల తిరక్కుండా కురుమూర్తి పటేలయ్యాడు. కచేరీ తన మాటే నమ్మిందని నాగేంద్రమ్మ ఊరంతా బెల్లం పంచింది. కొత్త పటేలు ఆ ఉత్సాహంలో తట్టు గుర్రమెక్కి పొలిమేర చూడబోయాడు. గుర్రానికి ఆ బరువు నచ్చలేదు. కిందపడిన పటేలు చెయ్యి బూరెలా పొంగింది. ఊళ్లోనే కట్టు కట్టిద్దామని భీమయ్య ఎంత బతిమాలినా నాగేంద్రమ్మ వినలేదు. బొక్కల ఫోటో తీసే డాక్టరు దగ్గరికే తీసుకుపొమ్మని మరిదిని తరిమింది.

డాక్టరు భీమయ్యను చూడగానే గుర్తుపట్టాడు. అలాంటి చెయ్యి తన జన్మలో చూడలేదని, ఆ కురుమూర్తి ఎలా ఉన్నాడని ఆత్రంగా అడిగాడు. బాగున్నాడని భీమయ్య చెప్పాడు. మరి ఇతని పేరేమిటని డాక్టరు అడిగితే కురుమూర్తి నోరు తెరిచాడు.

"హన్మంతు," అన్నాడు భీమయ్య గబగబా. "నొప్పికి ఏదేదో మాట్లాడుతడు సాబ్, మీరు పట్టించుకోకుండ్రి."

ఎముక విరగలేదు, బెణికింది అంతే. కానీ డాక్టరు ఫోటోను కిందపెట్టలేదు. మణికట్టు దగ్గర ఒక నల్ల గీతను వేలితో చూపించాడు.

"అతుక్కోనే లేదు. ఈ పిల్లగానికి పదారు గూడ నిండలే. మీసాన్ని చూసి మోసపోవద్దు," అని కట్టు కట్టి పంపించాడు.

తిరుగు బండిలో భీమయ్య లెక్క వేసుకున్నాడు. ఇంటి చెయ్యినే తెచ్చి ఉంటే ఇంకా రెండేళ్లకు పైగా నడిమి అరుగు తనదే. మోసం చేయకపోతే గెలిచేవాణ్ణి కదా అని బండి గద్వాల దాటేదాకా కుమిలాడు. కురుమూర్తి కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ, చివరికి అడిగాడు.

"చిన్నాయనా, నాకు పదారు నిండలేదనె గదా. ఈ సంగతి కచేరిల తెలిస్తే నా పటేలుగిరి పోతదా?"

పోతుంది. పోయి తనకే వస్తుంది. దాంతో పాటు ఆ సంతకం ఎవరిదన్న ప్రశ్న కూడా వస్తుంది.

"డాక్టర్లకేం తెల్సు బిడ్డా," అన్నాడు భీమయ్య నీరసంగా. "నీకు పద్దెనిమిది ఎప్పుడో దాటినయి. కావాలంటే నేనే ప్రమాణం జేస్త."

కురుమూర్తి వయసు గురించి భీమయ్య చెప్పిన మొదటి అబద్ధం అదే.