నాలుగు గడుల ఇంగ్లీషు

ఒక పెద్ద అడవిలో... ఎంత పెద్దదంటారా? ఈ చివర ఏనుగు తుమ్మితే, ఆ చివరివాళ్ళు 'చిరంజీవ' అనేసరికి ఏనుగుకు జలుబే తగ్గిపోయేది. నమ్మలేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళండి. ముందు ముందు చెప్పబోయేది ఇంతకన్నా నమ్మశక్యం కానిది. అయినా అక్షరం అక్షరం నిజం.

ఆ అడవిలో జాంబయ్య అనే ముసలి ఎలుగుబంటి ఉండేవాడు. మామూలు ఎలుగుబంటి అనుకునేరు! ఒక చేత్తో తేనెపట్టు దించుతూ, రెండో చేత్తో తేనెటీగలకు నచ్చజెప్పి పంపించినవాడు. అన్నిటినీ మించిన ఘనత ఇంకోటుంది. ఆ అడవి మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాడు ఆయనొక్కడే.

ఎలా వచ్చిందంటే, అడవి అంచున ఒక బడి ఉంది. దాని వంటింట్లో బెల్లం కోసం దూరిన జాంబయ్య, పొట్లం కట్టుకుందామని గోడ మీది చార్టు పట్టి లాగాడు. సగమే చిరిగి చేతికొచ్చింది. అందులో నాలుగు వరసల గడులు. మొదటి వరసలో పేర్లు. రెండోదాంట్లో చేసే పనులు. మూడోదాంట్లో పని ఎలా చేస్తున్నారో, నాలుగోదాంట్లో ఎక్కడ చేస్తున్నారో. వరసకొకటి ఏరి పక్కపక్కన పెడితే చాలు, ఇడ్లీ పళ్ళెంలో పిండి పొంగినట్టు వాక్యం దానంతటదే పొంగేది.

"డీర్ సింగ్స్ స్వీట్లీ అండర్ ద ట్రీ!" అనేవాడు జాంబయ్య. చెట్టు కింద జింక తీయగా పాడుతోందట. జింకలు పాడవు. అయితేనేం, వాక్యంలో తప్పు లేదుగా! అడవంతా చప్పట్లు కొట్టేది. అందరికన్నా ముందు కొట్టింది జింకే.

ఆ ఏడు వేసవికి మడుగు ఎండిపోయింది. కాళ్ళలో సత్తువున్నవాళ్ళు వేరే చోటు వెతుక్కోవచ్చు. తాబేలు కూర్మమ్మ ఎక్కడికి పోతుంది? ఆవిడ బయల్దేరి ఇంకో మడుగు చేరేసరికి రెండు వానాకాలాలు గడిచిపోతాయి. నడిమధ్య మిగిలిన దోసెడు బురదలో మెడ ముడుచుకుని పడుంది. జాంబయ్యకు వరసకు అక్క.

ఎగువ అడవిలో వాగుకు అడ్డంగా దుంగల కట్ట ఉంది. దాని తలుపు తీయించే అధికారం నీటికుక్క నీలకంఠం గారిది. ఆయన ఆఫీసు ముందు బోర్డు వేలాడుతుంది: 'అర్జీలు ఇంగ్లీషులోనే.'

"ఇంకెవరున్నారయ్యా మనకి? జాంబయ్యే వెళ్ళాలి" అన్నాడు సభాధ్యక్షుడు, అడవిదున్న గంగరాజు.

"ఆయన 'వాటర్' అంటుంటే నాకు ఈకలు నిక్కబొడుచుకుంటాయండీ" అంది నెమలి.

జాంబయ్య చార్టు ముందేసుకుని కూర్చున్నాడు. దాహం, ఎండిపోవడం, ప్రాణం పోవడం... ఏ గడిలోనూ లేవు. బడిపిల్లల చార్టాయె, అందులో అందరూ ఎప్పుడూ సంతోషంగానే ఉంటారు. చార్టు వెనక్కి తిప్పి కూడా చూశాడు, ఖాళీ. అయినా గొంతు సవరించుకున్నాడు.

"ఒరే జాంబా, నీళ్ళు లేవని తెలుగులోనే చెప్పెయ్యరాదూ?" అంది కూర్మమ్మ బురదలోంచి.

"తెలుగులోనా? నువ్వూరుకో అక్కా! అడవి పరువేం కాను?"

"నా ప్రాణంరా, సన్నాసీ!"

"దాని సంగతి నేను చూసుకుంటాగా. వాటర్ అన్న మాట నా దగ్గరుంది."

మర్నాడు అడవంతా వెంట నడిచింది. చెవిలో రెల్లుపుల్ల దోపుకుని నీలకంఠం గారు గంభీరంగా అడిగారు: "వాట్ ఈజ్ దిస్?"

జాంబయ్య కళ్ళు మూసుకుని నాలుగు గడులూ తడుముకున్నాడు. "బఫెలో సిట్స్ హ్యాపీలీ ఇన్ ద వాటర్!"

తన ప్రస్తావన వచ్చిందని పోల్చుకుని గంగరాజు కాలు నేలకేసి కొట్టాడు. చప్పట్లు మిన్నంటాయి.

"వెరీ గుడ్! హూ ఎల్స్?" అన్నారు నీలకంఠం గారు.

ఇప్పుడు కూర్మమ్మ సంగతి చెప్పాలి. 'దాహమండీ' అన్న మాట నాలుక కొస దాకా వచ్చింది. జాంబయ్య వెనక్కి తిరిగి చూశాడు. వెయ్యి కళ్ళు తన నోటికేసే చూస్తున్నాయి. ఆ మాటను గుటుక్కున మింగేశాడు.

"టార్టాయిస్ స్విమ్స్ హ్యాపీలీ ఇన్ ద వాటర్!"

నీలకంఠం గారు తల పంకించి, బెరడు మీద ఏదో గీకి, ముద్ర వేసి ఇచ్చారు. జాంబయ్య దాన్ని ఒకసారి తిరగేసి, ఇంకోసారి సరిచేసి పట్టుకుని, "మంజూరు!" అని అరిచాడు. బెరడును పల్లకీలో ఊరేగించారు.

ఒకరోజు గడిచింది. రెండు, మూడు గడిచాయి. వాగులో ఇసుకే ఉంది. కూర్మమ్మ పిలిస్తే పలకడం మానేసింది. జాంబయ్య అటువైపు వెళ్ళడం మానేశాడు.

నాలుగో రోజు మడుగు గట్టు మీదికి నీళ్ళకు బదులు నీలకంఠం గారే దిగారు. పక్కన భార్య, వెనక ఏడుగురు పిల్లలు, చేతుల్లో మూటలు. మడుగు చూసి ఆవిడ మూట కింద పడేసింది.

"ఏవండీ! అందరూ నీళ్ళలో హాయిగా ఈదుతున్నారని పిల్లల్ని లాక్కొచ్చారే, ఏవీ నీళ్ళు? ఎవడు చెప్పాడు మీకు?"

పరమ శుద్ధమైన తెలుగు. అడవి నోరు తెరిచింది.

"అదిగో, ఆ ఎలుగుబంటే చెప్పాడే! ఇంత హాయిగా ఉన్న అడవికి వాటా ఎందుకని వీళ్ళ నీళ్ళు కూడా మనకే రాసేశాను" అన్నారు నీలకంఠం గారు, ఇంకా శుద్ధమైన తెలుగులో.

"అయ్యా, మీకు తెలుగొచ్చా!" అన్నాడు జాంబయ్య.

"వచ్చా ఏమిటి? నాకు వచ్చిందే అది! నీళ్ళు లేవని ఒక్క ముక్క చెప్పి ఏడవచ్చుగా!"

"మీరు ఒక్క ముక్క అడిగి ఏడవచ్చుగా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీలకంఠం గారు సిగ్గుపడుతూ చంకలోని ఫైలు తెరిచారు. లోపల చిరిగిన చార్టు ముక్క. జాంబయ్య తన ముక్క తెచ్చి పక్కన పెడితే అంచుకు అంచు అతికింది. 'వాట్ ఈజ్ దిస్', 'హూ ఎల్స్', 'వెరీ గుడ్' అన్నీ ఆ సగంలోనే ఉన్నాయి, జాంబయ్య గడుల్లోని మాటలకు తెలుగు అర్థాలతో సహా.

"తలుపు తీయండర్రా!" అని నీలకంఠం గారు ఎగువకు పెట్టిన కేకకు కొండలు రెండడుగులు వెనక్కి జరిగాయి. పొద్దు వాలేసరికి మడుగు నిండింది. కూర్మమ్మ మెడ బయటికి చాచి, తమ్ముణ్ణి ముప్పావుగంటసేపు తెలుగులో తిట్టి, మునిగి, తేలి, ఈదసాగింది.

జాంబయ్య గట్టున నిలబడి మీసం దువ్వాడు. "టార్టాయిస్ స్విమ్స్ హ్యాపీలీ ఇన్ ద వాటర్! నేను అన్నదేగా ఇది? నాలుగు రోజుల ముందే అన్నాను, అంతే తేడా!"

అడవి మళ్ళీ చప్పట్లు కొట్టింది. చార్టు సగమే ఉండటం వల్ల ఇంత అనర్థం జరిగిందని సభ తేల్చింది. రెండు సగాలూ అతికించి కోచింగ్ సెంటర్ తెరిచారు. జాంబయ్య ప్రిన్సిపాలు, నీలకంఠం గారు ఇన్‌స్పెక్టరు.

నీతి: తప్పు లేకుండా చెప్పడం వస్తే చాలు, నిజం నాలుగు రోజులు ఆగి దానంతటదే వస్తుంది.

ఇందులో రవ్వంత కోత ఉందనిపిస్తే సాక్షి సిద్ధంగా ఉంది. మడుగులో ఎడమవైపు మూడో బండ మీద ఎండ కాగుతూ ఉంటుంది. వెళ్ళి అడగండి. పేరు కూర్మమ్మ.