జావ యుద్ధంలో ఒక తల్లి

"ఈ పిల్ల ఇవాళ కూడా ఫోన్ చూసి నవ్వుతోంది. ఏ కొంప అంటుకోబోతోందో ఏమో!" అని పైకే అనేశాను. అప్పటికింకా ఏమీ జరగలేదు. జరిగాక భయపడటం ఎవరికైనా చేతనవుతుంది. ముందుగానే భయపడి ఉంచడం తల్లుల పని.

కానీ అక్కలారా, ఇప్పుడు నా బుద్ధి మారింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తోచక ఫోన్లలో చెప్పుకునే పోసుకోలు కబుర్లున్నాయే, సంసారాలకి అంతకన్నా గొప్ప వరం లేదు! నవ్వకండి. పెద్దగా చదువుకోలేదు గానీ, ఊరికే ఏదీ అనేదాన్ని కాదు.

మా అమ్మాయి వెనింగ్ జకార్తాలో బట్టల షాపులో పనిచేసేది. రంజాన్ పండక్కని మా ఊరు తెగల్‌కి వచ్చింది. సెలవులు అయిపోయినా తిరిగి వెళ్ళలేదు. ఎందుకే అంటే మాట లేదు. తింటావా అంటే తల ఊపు. ఒంట్లో బాగుందా అంటే దభీమని తలుపు! ఎవరైనా చెయ్యి చేసుకున్నారా? దొంగతనం అంటగట్టారా? జబ్బా? కడుపా? నేను ఊహించని ఘోరం లేదనుకోండి.

అలాంటి పిల్ల గదిలోంచి, ప్లైవుడ్ గోడ అవతల నుంచి, కిలకిలా నవ్వు! ఎవరితో?

పక్కింటి సుమినీ వదిన, పిల్ల చూసి నవ్వే గ్రూపేదో నా ఫోన్లో వెతికి పెట్టింది. "దొంగల ముఠా కాదు వదినా, జావ గొడవ!" అంది.

అవును, జావే. పొద్దున్నే మనం తినే కోడి జావని గిన్నెంతా కలిపేసి తినాలా, కలపకుండా అంచు నుంచి తినుకుంటూ రావాలా అని దేశంలో పనీపాటా లేనివాళ్ళంతా రెండు సైన్యాలై కొట్టుకుంటున్నారు.

"మీరు కలిపిన గిన్నె చూసి మా పిల్లి అన్నం మానేసింది!"

"కలపనివాళ్ళు పెళ్ళయ్యాక కూడా మొగుడిదో బండి, పెళ్ళానిదో బండి!"

ఇవాళ జావ, రేపు కత్తులు కాదా? ఊరుకోలేక, పేరు మార్చి, మందార పువ్వు ఫోటో పెట్టి రాశాను: "నాయనలారా, తగాదా వద్దు. వేడి జావ గబగబా కలిపితే ఆవిరికి కళ్ళజోడు మసకబారుతుంది. ఆ కళ్ళజోడుతోనే బండెక్కితే ఏమవుతుంది? మీ కన్నతల్లుల్ని తలుచుకోండి."

ఒట్టు, కళ్ళనీళ్ళు పెట్టుకుని రాశాను. వాళ్ళేం చేశారు? పడీపడీ నవ్వారు!

"పెద్దమ్మ మా పార్టీ!"

"పెద్దమ్మా, మరి పైన వేసే అప్పడాలు?"

అప్పడం ముక్క గొంతుకి అడ్డం పడటం ఎంత ప్రమాదమో వివరంగా రాశాను. ఇంకా నవ్వారు.

"చెంచా పరవాలేదా పెద్దమ్మా?"

"చెంచా నోట్లో ఉండగా భూకంపం వస్తేనో?" అన్నాను.

అంతే, గ్రూపు గ్రూపంతా దొర్లి దొర్లి నవ్వింది. దాంతోపాటే గోడ అవతల మా వెనింగ్ కూడా. నేను ఇటు బొత్తాం నొక్కగానే అటు నవ్వు! ఆ వెంటనే టకటక. మరుక్షణం నా ఫోన్లో 'ఊడిన గుండీ' అనే పేరుతో జవాబు. కన్నతల్లికి ఆ మాత్రం తెలియదా?

"పెద్దమ్మా, మీ ఇంట్లోవాళ్ళు ఇంకా బతికే ఉన్నారా, మీ భయాలకే పోయారా?" అని అడిగింది ఊడిన గుండీ.

అది నాతో అంత చనువుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో!

ఇప్పుడు చెప్పండి, ఇది వరం కాదా? ఇంట్లో "జాగ్రత్తే" అంటే సతాయింపు. అదే మాట గ్రూపులో అంటే హాస్యం! ఎక్కడో సముద్రం అవతల మకస్సర్‌లో ఉన్న ఎవడో, మా పిల్ల మొహం కూడా చూడనివాడు, "తిన్నావా?" అని అడిగాడు. "రెండు గిన్నెలు, కలిపి మరీ!" అని తక్షణం జవాబు. అంతకు కాసేపటి ముందు అదే ప్రశ్న నేనూ అడిగాను. జవాబు రాలేదు. రెండు గిన్నెలూ అబద్ధమే. అన్నం మూత కింద అలాగే ఉంది.

కాబట్టి తల్లులారా, నా సలహా వినండి. మీ పిల్లలకి పరాయివాళ్ళయిపోండి! తొమ్మిది నెలలు మొయ్యడాలు, పాలివ్వడాలు, ఇవన్నీ మాటలకి అడ్డం. చుట్టరికం ఎంత దూరమైతే జవాబు అంత త్వరగా వస్తుంది. పేరు మార్చుకోండి, ఓ పువ్వు ఫోటో పెట్టుకోండి. మీకూ నవ్వులు దక్కుతాయి. పిల్ల ఎందుకు తిరిగి వెళ్ళలేదో మాత్రం తెలియదు. అన్నీ ఎక్కడ దక్కుతాయి లెండి!

నిన్న మధ్యాహ్నం వాన. రేకుల మీద ఒకటే మోత. ఆ హోరులో ఏం తోచిందో, జావ సంగతి వదిలేసి ఇలా రాశాను: "మా ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. పని మానేసి వచ్చింది. ఎందుకో చెప్పదు. ఏం జరిగి ఉన్నా నేను తిట్టను. ఎలా అడగాలి నాయనా?"

గ్రూపువాళ్ళు వాళ్ళ ధర్మం వాళ్ళు నెరవేర్చారు. "జావ పెట్టి అడుగు పెద్దమ్మా!" "కలపకుండా పెట్టు!" "కలిపితే అన్నీ కక్కేస్తుంది!"

గోడ అవతల నవ్వు లేదు. టకటక లేదు. ఊడిన గుండీ జవాబూ లేదు.

వాన సన్నబడింది. చూరు నుంచి నీళ్ళు కారడం కూడా ఆగింది. కళ్ళు తిరిగి పడిపోయిందా? కిటికీ దూకి వెళ్ళిపోయిందా? ఎవరని తెలిసిపోయి, ఇక నాతో ఆ నాలుగు మాటలు కూడా ఆడదా?

అప్పుడు ఫోన్లోంచి కాదు, గోడ అవతల నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"వాళ్ళనెందుకమ్మా అడుగుతావు? లోపలికి రా. తలుపు గడియ నేనెప్పుడూ పెట్టలేదు."