పన్నెండు డిగ్రీల వంపు

మిరపకాయల తొడిమలు తీస్తూ ఒక ప్రకటన చేస్తున్నాను: సాగర్ కుడికాలవ తర్వాత పల్నాడుకు అంతటి మేలు చేసింది నేను తయారుచేసిన ఫాంటే. (ఈ విషయం తేల్చిన సంఘంలో సభ్యురాలిని నేనొక్కదాన్నే.)

నేను కారంపూడి బస్టాండు దగ్గర డీటీపీ షాపులో పనిచేస్తాను. ఇంగ్లీషులో కుడికి వాలి, చివర్లలో సన్నటి పాదాలతో నడిచే అక్షరాలుంటాయి. ఆ పోలికతో తెలుగు అక్షరాలు గీశాను. దిగే గీత లావు, ఎక్కే గీత వెంట్రుకంత. తలకట్టు చివర చిన్న కొక్కెం. వంపు సరిగ్గా పన్నెండు డిగ్రీలు. రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఏ శుభలేఖ వేసినా ఆ అక్షరాల్లోనే. పెళ్లికి తప్ప ఇంక దేనికీ వాడరు. అది నాకు నామోషీగా ఉండేది.

అందుకే పక్కింటి పున్నమ్మ పెద్దమ్మ వితంతు పింఛనుకు దరఖాస్తు కొట్టమంటే ఆ ఫాంటులోనే కొట్టాను. పైన పింఛన్ల అధికారి ప్రభాకరరావు గారి పేరు, దాని కింద ఆమె పేరు, రెండూ పెద్దక్షరాల్లో, నట్టనడుమ. కూరలో పసుపు వేస్తూ లేచొచ్చిన పెద్దమ్మ వేళ్ల పసుపు కాగితం మూలలకు అంటింది. (పసుపు ఫాంటు రూపకర్త బాధ్యత కిందికి రాదు.)

కార్యాలయంలో దాన్ని శుభలేఖల కట్టలో పెట్టారు. నెలకు జవాబొచ్చింది: "దరఖాస్తుదారు పునర్వివాహ ఆహ్వానం అందినందున, ఆమెను వితంతువుగా పరిగణించుటకు వీలుపడదు. వివాహం జరగలేదని వరుడి సంతకంతో ధ్రువీకరణ సమర్పించవలెను."

వరుడి స్థానంలో ఉన్నది ప్రభాకరరావు గారు. తన పెళ్లి మీద తానే విచారణ జరపరాదన్న నిబంధన ప్రకారం ఆయన సంతకం పెట్టలేదు. ఫైలు నరసరావుపేట జిల్లా ఆఫీసుకు వెళ్లింది. అక్కడ వధూవరుల జంట ఫొటో అడిగారు.

ఇవాళ పెద్దమ్మ వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"ఏందమ్మాయ్, ఈ నెల కూడా రాలా?"

"ఫొటో అడుగుతున్నారు పెద్దమ్మా."

"మీ పెదనాయనే ఏనాడూ నన్ను ఫొటోకి నిలబెట్టలా. ఇప్పుడు ఆ ఆఫీసరు పక్కన నిలబడాల్నా?" అని కొంగుతో మొహం తుడుచుకుంది. "షుగరు బిళ్లలు నాలుగే ఉన్నయ్. నీ సోకు తర్వాత చూసుకుందువు గానీ, నిలువక్షరాల్లో కొట్టియ్యవే తల్లీ."

"తప్పు నాదే పెద్దమ్మా. సరిచేశా, చూడు."

లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను. కొత్త దరఖాస్తు. రూపకర్తగా నేను చేయగలిగినంత త్యాగం చేశాను.

"వంపు ఎనిమిది డిగ్రీలకు తగ్గించా."

పెద్దమ్మ తెరను చూసింది, నన్ను చూసింది.

"పోనీ, ఆరు చేయమంటావా?" అన్నాను.

బల్ల మీదున్న పెదనాన్న మరణ ధ్రువపత్రం తీసి, మడతపెట్టి, రవికలో దోపుకుని, ఆమె గడప దాటి వెళ్లిపోయింది.