సింహాద్రి గారి అండాశయం

"మగవాళ్ళు మాత్రమే ఉన్నచోట సంతానం కలిగినట్టు చరిత్రలో ఎక్కడా దాఖలా లేదు!"

హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో ఉన్న గగన్ విహార్ అపార్ట్‌మెంట్స్‌లో, సంక్షేమ సంఘం అధ్యక్షులు రామ్మోహనరావు గారు మైకు పట్టుకుని పలికిన మహావాక్యం ఇది. ముప్ఫై నాలుగేళ్ళు గెజిటెడ్ ఉద్యోగం వెలగబెట్టి రిటైరైన మనిషి. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టందే ఇంట్లో కొరియరు కవరైనా తీసుకోరు. ఎవరివో రెండు కుందేళ్ళు ఆర్నెల్లు తిరక్కుండా పంతొమ్మిదై, పార్కులో గడ్డంతా గొరిగి పెట్టాయని ఆ సమావేశం. ఇకమీదట ఈ ఆవరణలో పెంపుడు జంతువులన్నీ మగవే అయి ఉండాలి, రిజిస్టరులో నమోదు కావాలి, దేనికి వైద్యం చేయించినా ఏడు రోజుల్లో డాక్టరు సర్టిఫికెట్టు సంఘానికి సమర్పించాలి. ఇదీ తీర్మానం. చప్పట్లు!

ఆ చప్పట్లలో ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారివీ రెండున్నాయి. ఆవిడ చదివింది ఐదో తరగతి. జ్ఞాపకశక్తి మాత్రం ఏ తరగతికీ లొంగదు. తన పెళ్ళిలో ఏ పంక్తిలో ఎవరు కూర్చున్నారో, ఎవరికి అప్పడం అందలేదో ఇప్పటికీ చెబుతారు. అలాంటి భార్య ఉన్న మగవాడు అబద్ధమాడకూడదు. ఆడాడు!

అదెలాగంటే, మర్నాడే తొమ్మిదో అంతస్తులో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు జశ్వంత్ ఫారం నింపి తెచ్చాడు. జంతువు, గినీ పిగ్. పేరు, చిన్నారి. లింగం, ఆడ.

"ఏమిటయ్యా ఇది? ఆడ అని రాశావు?"

"ఆడదే కదా సార్."

"రాయకముందు వచ్చి అడిగితే ఏదో దారి చెప్పేవాణ్ణి. రాశాక నా చేతుల్లో ఏముంది? ఇరవై నాలుగు గంటల్లో పంపించెయ్!"

ఆ ఇరవై నాలుగు గంటలూ రామ్మోహనరావు గారి మనవరాలు రసజ్ఞ ఏడ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. రోజూ స్కూలు నించి రాగానే తొమ్మిదో అంతస్తుకు పరిగెత్తి, తోకలేని బొద్దు ఎలుకలా ఉండే ఆ గినీ పిగ్గుకు కొత్తిమీర తినిపించేది. తల్లీ తండ్రీ ఆఫీసుల్లో ఉంటారు కనుక ఏడుపంతా తాతగారి చెవుల్లోనే పడింది. ఇరవై అయిదో గంటకు చిన్నారి తొమ్మిదో అంతస్తు నించి నాలుగో అంతస్తుకు దిగి, అధ్యక్షుల వారింట్లోనే కాపురం పెట్టింది. రిజిస్టరులో కొత్త పేరు సింహాద్రి. లింగం, మగ. కింద ఆకుపచ్చ సంతకం.

"అబద్ధం కదండీ?" అన్నారు బాలాత్రిపురసుందరి గారు.

"అబద్ధం కాదు. పరిపాలనా సౌలభ్యం."

నాటి నించి ఆ జీవి ఇంట్లో చిన్నారి, లిఫ్టులో సింహాద్రి. జశ్వంత్ మాత్రం పాపం రూలంటే రూలే అనుకుని వెతికి వెతికి ఒక మగ గినీ పిగ్గును తెచ్చుకున్నాడు.

రెండేళ్ళు హాయిగా గడిచాయి. ఒకనాడు బోరబండ నించి పనికి వచ్చే లక్ష్మమ్మ గూడు శుభ్రం చేస్తూ కేకేసింది. "అమ్మా, జర ఇటు రా! గీ ఎలుకకు ఏమైంది? రెండు దిక్కుల బొచ్చు ఊడుతున్నది, పొట్టేమో పూరీ లెక్క ఉబ్బింది. ముట్టుకుంటే కొరుకవట్టె!"

రామ్మోహనరావు గారు పేపరు దించకుండానే రోగ నిర్ధారణ చేశారు. "వయసొచ్చిన మగవాడికి బట్టతలా, బొజ్జా, కోపమూ సహజం."

"మీకు సహజం. దానికి కాదు," అని ఆవిడ చిన్నారిని కూరల బుట్టలో పెట్టి, పైన శాలువా కప్పారు. ఇంటి పక్కనే జంతువుల ఆసుపత్రి ఉన్నా, ఎవరైనా చూస్తారని అధ్యక్షుల వారు ఆటోని హఫీజ్‌పేట్ దాకా నడిపించారు.

డాక్టర్ శ్రీలత స్కానింగ్ చేసి చెప్పింది. "రెండు అండాశయాల్లోనూ నీటి తిత్తులున్నాయండి. ఒకటి నిమ్మకాయంత ఉంది."

"అండాశయమా?" రామ్మోహనరావు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "మగవాడికి అది ఉండటానికి ఏదైనా ప్రత్యేక మినహాయింపు కింద అవకాశం..."

"లేదండి. ఇది ఆడది."

దారులు మూడున్నాయంది డాక్టరమ్మ. మొదటిది ఆపరేషన్. అండాశయాలూ గర్భసంచీ తీసేస్తే మళ్ళీ రాదు, అయితే ఇంత చిన్న ప్రాణికి మత్తుమందంటే కొంత ప్రమాదం తప్పదు. రెండోది హార్మోన్ ఇంజక్షన్లు. కొన్ని రకాల తిత్తులకే పనిచేస్తాయి. మూడోది సూదితో నీరు తీయడం. తేలిక, కానీ మళ్ళీ నిండుతుంది.

"మూడింట్లో ఏది మంచిది తల్లీ?" అన్నారు బాలాత్రిపురసుందరి గారు.

"మూడింట్లో ఏది సర్టిఫికెట్టులో తక్కువ కనిపిస్తుంది?" అన్నారు రామ్మోహనరావు గారు.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఒంట్లో ఓపికున్నప్పుడే ఆపరేషన్ చేయిస్తే మంచిదండి."

"సూదితో తీస్తే 'పొట్టలో నీరు తీయడమైనది' అని రాయొచ్చు కదా? పొట్ట మగవాళ్ళకీ ఉంటుంది!"

"రాయొచ్చు. మళ్ళీ నిండుతుందంటున్నా కదండీ."

"నిండితే మళ్ళీ రాద్దాం!"

ఆ పూటకు నీరు తీసి పంపిస్తూ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "తిండి మానేస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు."

ఆటోలో బాలాత్రిపురసుందరి గారు ఊరుకోలేదు. "మన పెళ్ళైన ఆరో ఏడు, శ్రావణమాసం రెండో మంగళవారం, నాకు కడుపులో నొప్పొస్తే ఇన్‌స్పెక్షన్ ఉందని గోలీసోడా తాగించి వెళ్ళిపోయారు. సాయంత్రానికి అపెండిక్స్ పగిలినంత పనైంది!"

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"అప్పుడు నేను మీ ఇన్‌స్పెక్షన్‌కి అడ్డు. ఇప్పుడు ఇది మీ రిజిస్టరుకి అడ్డు. అంతేగా!"

మూడు వారాలకు పొట్ట మళ్ళీ నిండింది. ఒక ఆదివారం పొద్దున రసజ్ఞ కొత్తిమీర పెడితే చిన్నారి మూతి తిప్పుకుంది. దోసకాయ ముక్క పెడితే కళ్ళు మూసుకుంది. పిల్ల తాతగారి ముందు నిలబడింది.

"తాతయ్యా, చిన్నారి చచ్చిపోతే రిజిస్టరులో ఎవరు చచ్చిపోయారని రాస్తావు?"

ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో అసెంబ్లీ ప్రశ్నలకు కూడా తడుముకోకుండా జవాబు తయారు చేసిన మనిషి, పేపరు మడిచి చొక్కా కోసం లేచారు. బాలాత్రిపురసుందరి గారు అప్పటికే చెప్పులేసుకున్నారు.

ఆసుపత్రిలో రిసెప్షన్ దగ్గర కూర్చునే మమత కాగితం ముందుకు జరిపింది. ఆడ గినీ పిగ్గుకు అండాశయం ఆపరేషన్, యజమాని అంగీకారం, ఇక్కడ సంతకం. లోపల డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. రామ్మోహనరావు గారు ఆకుపచ్చ కలం తీశారు. మూత పెట్టారు. మళ్ళీ తీశారు.

"పెట్టండీ," అన్నారావిడ. "మీ పరువు రెండు రోజులు మంచం పడితే మళ్ళీ లేస్తుంది. ఇది లేవదు."

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని, ముఖానికి మాస్కూ నెత్తిన మంకీ క్యాపూ పెట్టుకుని, దగ్గుతూ ఒకాయన వచ్చాడు. చంకలో దుప్పటి. దుప్పట్లోంచి "మ్యావ్" మన్న మూలుగు. మంకీ క్యాపు వెనక ఎవరున్నా ఆ దగ్గు మాత్రం గగన్ విహార్ కార్యదర్శి విశ్వేశ్వరరావు గారిదే! రిజిస్టరులో ఆయన పిల్లి పేరు బహద్దూర్. లింగం, మగ.

"సార్, తమరిక్కడ...?"

"తమరు...?"

"మా బహద్దూర్‌కి కొంచెం... కడుపునొప్పి."

మమత దుప్పటి ఎత్తి చూసింది. "గిది నొప్పులు వడుతున్నది సార్! జల్ది లోపలికి తీస్కపోండ్రి." ఇద్దరి అడ్రసులూ చూసి ఒక్కసారి నవ్వింది. "మీరిద్దరు గగన్ విహారేనా? ఏందో గానీ మీ అపార్ట్‌మెంట్ల మొగోళ్ళకు కాన్పులు శాన ఐతయి! పోయిన వారం మీ ట్రెజరర్ సార్ కుక్క ఐదు పిల్లల్ని వెట్టింది. సర్టిఫికెట్ల మాత్రం అందరు మొగ అనే రాయుమంటరు!"

రామ్మోహనరావు గారి ముఖంలో దీపావళి వెలిగింది. సంతకం పెట్టేశారు! ధైర్యం వచ్చి కాదు, తోడు దొరికి.

ఆపరేషన్ గంట పట్టింది. ఆ గంటలో బాలాత్రిపురసుందరి గారు తనకు తెలిసిన స్తోత్రాలన్నీ అయిపోయి, ఎక్కాల దాకా వచ్చారు. పదమూడో ఎక్కం మధ్యలో డాక్టరమ్మ వచ్చి గండం గడిచిందని చెప్పింది. సాయంత్రం చిన్నారి ఒక్క కొత్తిమీర ఆకు నమిలితే, రసజ్ఞ కన్నా ముందు ఆవిడే ఏడ్చారు. పక్క గదిలో బహద్దూర్‌కి ముగ్గురు పిల్లలు.

రెండు రోజులకే అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి ఏకగ్రీవంగా తీర్మానించారు. మగ జంతువులు స్వభావ రీత్యా దుడుకువి అయినందునా, మహిళా సాధికారత ఈ సంఘం ఆశయం అయినందునా, ఇకమీదట ఆవరణలో ఆడ జంతువులు మాత్రమే ఉండాలి. ఈ నిబంధన రెండేళ్ళ వెనకటి తేదీ నించి అమలవుతుంది. పాత నమోదుల్లో 'మగ' అన్నది రాతలో దొర్లిన పొరపాటు. చప్పట్లు!

బాలాత్రిపురసుందరి గారు ఈసారి చప్పట్లు కొట్టలేదు. చేతిలో చిన్నారి ఉంది.

మర్నాడు తలుపు కొట్టింది జశ్వంత్. ఒక చేతిలో నోటీసు, ఇంకో చేతిలో బోను, బోనులో బలిష్ఠమైన మగ గినీ పిగ్గు.

"ఆంటీ, ఇరవై నాలుగు గంటల్లో వీణ్ణి పంపించెయ్యాలట. మొన్నటిదాకా మగదే ఉండాలన్నారు కదా! కొత్త ఫారం కూడా ఇచ్చారు, ఏం రాయాలో..."

"నువ్వేం రాయకు నాయనా. నువ్వు రాస్తే నిజం రాసేస్తావు. ఇలా తే."

ఆవిడ భర్తగారి జేబులోంచి కలం లాగి, ఐదో తరగతి దస్తూరీతో గుండ్రంగా రాశారు. పేరు, సత్యవతి. లింగం, ఆడ.

"ఆంటీ! వీడు మగ కదా!"

"మా ఇంటి ఆడపిల్ల రెండేళ్ళు మగాడిగా నెగ్గుకొచ్చింది. మీవాడు నాలుగు రోజులు ఆడదానిగా ఉంటే అరిగిపోడులే." ఫారం తీసుకెళ్ళి భర్త ముందు పెట్టారు. "ఏవండీ, సంతకం."

రామ్మోహనరావు గారు కళ్ళజోడు సర్దుకుని బోనులోకి చూశారు. వెల్లకిలా పడుకుని ఉన్న సత్యవతిని చూస్తే రసజ్ఞ కూడా చెప్పేస్తుంది, మగో ఆడో. ఆయన ఫారం చూశారు. భార్యను చూశారు. భార్యకు ఏమేం గుర్తున్నాయో గుర్తు చేసుకున్నారు.

"ఆడ అని రాసుంది కదా," అన్నారు కలం మూత తీస్తూ. "రాశాక నా చేతుల్లో ఏముంది?"